గేటు దగ్గర అడిగే మాట

మా చెల్లెలు మొన్న సోమవారం తెల్లవారుజామున కన్నుమూసింది. గుండె ఆగిపోయిందన్నారు. నొప్పి ఎప్పటినుంచి ఉందో మాకు తెలియదు, చెప్పలేదు. చిలకలూరిపేటలో మిల్లుల వైపు ఉండేవాళ్ళకు ఆమె ఫ్రెంచి టీచరమ్మ. నేను పెద్దక్కయ్యను. మైల తీరలేదు కనుక దేవుడి గది తలుపు వేసే ఉంది. పొద్దున జపం చేసుకునే వేళకు చేతులు ఊరికే ఉండలేక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

చెల్లెలి భర్త, మా మరిదిగారిది యానాం. ఉద్యోగం పాండిచ్చేరిలో. అక్కడి ఒక ఫ్రెంచి బడిలో పసిపిల్లల తరగతికి ఆయాగా వెళ్ళి, పిల్లలతో పాటే భాష నేర్చుకుని, చివరికి ఆ తరగతి తనే నడిపింది చెల్లెలు. ఆయన పోయాక నా దగ్గరికి వచ్చేసింది. వాళ్ళకు పిల్లలు లేరు. అది తొంభైల చివర. అప్పట్లో జిన్నింగు మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు చంటిపిల్లలను పత్తి బోరాల పక్కనే పడుకోబెట్టేవారు. దూది నుసి పిల్లల ముక్కుల్లోకి పోయేది. ఒకరోజు చెల్లెలు అది చూసి వచ్చి, మా ముందు గదీ వరండా పిల్లలకు ఇచ్చేసింది. తల్లులు పనిలోకి వెళ్తూ దించడం, దిగాక తీసుకెళ్ళడం. వంట నాది.

నియమం ఒకటే. గేటు దాటి లోపలికి వస్తే ఫ్రెంచి తప్ప మరో మాట లేదు.

"ఈ ఊళ్ళో ఫ్రెంచి ఎందుకే? ఎవరితో మాట్లాడతారు?" అన్నాను.

"ఎవరితోనూ అక్కర్లేదు అక్కయ్యా. చెవి ఖాళీగా ఉన్నప్పుడే ఇంకో భాష పోస్తే, రేపు ఏ భాష విన్నా బెదరరు. మనం ఇంగ్లీషుకు బెదిరినట్టు."

పిల్లలను కొట్టింది లేదు, కసిరింది లేదు. కానీ ఎవరైనా తెలుగులో మంచినీళ్ళు అడిగితే నవ్వుతూ చూస్తూ ఊరుకునేది. నేను గ్లాసుతో లేస్తే కళ్ళతోనే కూర్చోబెట్టేది. కాసేపటికి ఆ పిల్లే వచ్చీరాని ఫ్రెంచిలో అడిగేది. అప్పుడు తనే లేచి తాగించి, మూతి తుడిచేది. ఆ తుడవడంలో ఉన్న మురిపెం నేను ఇంకెక్కడా చూడలేదు.

సాయంత్రం గేటు దగ్గర తల్లుల సందడి.

"మా వాడు నన్ను చూసి ఏందో అంటన్నాడు, తిట్టా టీచరమ్మా?"

"తిట్టయితే నీకు తెలియకుండా ఉంటదా? మీ ఆయన రోజూ నేర్పుతున్నాడుగా," అనేది పక్కామె.

చెల్లెలు గేటు బయటికి వెళ్ళి వాళ్ళకు ఒకటి మరీమరీ చెప్పేది. "ఇంట్లో కూడా ఆ మాటలే అంటే ఆపకండమ్మా. అర్థం కాలేదని మొహం పెట్టకండి. మెచ్చుకోండి."

రమణమ్మ కూతురు దుర్గ మాటలు రాకముందే మా దగ్గరికి వచ్చింది. తండ్రి లేడు. పత్తి సీజనులో తల్లి రెండు షిఫ్టులు చేసేది. ఆ పిల్లకు నోరు తిరిగింది మా వరండాలోనే. తెలుగు కంటే ఫ్రెంచే ముందు వచ్చేది. చెల్లెలు ఒక ఆట ఆడించేది. తల ముట్టుకుని ఫ్రెంచిలో నొప్పి అనాలి, మోకాలు ముట్టుకుని నొప్పి అనాలి, పొట్ట ముట్టుకుని నొప్పి అనాలి, చివర అందరూ ఫక్కున నవ్వాలి. దుర్గ అందరికంటే గట్టిగా నవ్వేది.

ఒక సాయంత్రం దుర్గ బాగానే ఇంటికి వెళ్ళింది. మర్నాడు రాలేదు. ఒళ్ళు కాలిపోతోందని, గుంటూరు తీసుకెళ్ళారని కబురు వచ్చింది. కడుపులో పేగు పగిలిందన్నారు. పిల్ల దక్కలేదు.

కర్మలు అయ్యాక రమణమ్మ వచ్చింది. పిల్లలు అన్నాలు తింటున్నారు. గేటు లోపల నిలబడి అడిగింది.

"టీచరమ్మా, ముందు రోజు ఇంటికొచ్చిన కాడి నుంచీ పాప ఒకటే మాట అంటా ఉంది. మీ పాఠమే అనుకున్నా. మీరు చెప్పారుగా మెచ్చుకోమని. పక్కింటోళ్ళను పిలిచి మళ్ళీ అనమన్నా. అంది. బెల్లం ముక్క పెట్టా. నాకూ నోటికొచ్చేసింది." ఆ మాట పొల్లుపోకుండా అంది. "జె మాల్ ఓ వాంత్ర్. అంటే ఏందండీ?"

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఆ మాట అర్థం నాకూ తెలుసు, రోజూ విన్నదే. ఏదో పాటలే అంటే రమణమ్మ నమ్మేది. నమ్మి, ఆ పాట అనుకుంటూ బతికేది. చెల్లెలి చేతిలో అన్నం గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టింది. ఆ గేటు లోపల, పిల్లల ఎదుట, ఆమె నోట తెలుగు రావడం అదే మొదలు.

"కడుపులో నొప్పి, అని."

రమణమ్మ తల ఊపింది.

"అయితే చెప్పింది," అంది. "నాకు చెప్పింది."

ఏడవలేదు, తిట్టలేదు. వెళ్ళిపోయింది. ఆ తర్వాత మిల్లుకు చుట్టుదారిన వెళ్ళేది గాని మా వీధిన రాలేదు.

"ఏదో ఒకటి చెప్పి పంపాల్సింది కదే," అన్నాను చెల్లెలితో.

"ఆ పిల్లది మిగిలింది ఆ ఒక్క మాట అక్కయ్యా. అదీ మార్చి చెప్పనా?"

కొన్నాళ్ళు గేటుకు తాళం వేసింది. తల్లులే వచ్చి తీయించారు, పిల్లలు మళ్ళీ బోరాల పక్కన పడుకుంటున్నారని. తెరిచింది. ఫ్రెంచి మానలేదు. ఆ ఆట మాత్రం మళ్ళీ ఆడించలేదు. "నొప్పి, ఆకలి, భయం. ఇవి అమ్మకు అర్థమయ్యే మాటలోనే ముందు రావాలి," అనేది. సాయంత్రం పిల్లలంతా గేటు దగ్గర వరసగా నిలబడాలి. ఒక్కొక్కరి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసి, తెలుగులో అడిగేది. "ఎక్కడన్నా నొప్పా నాన్నా?" పిల్ల తెలుగులో, తల్లికి వినపడేలా జవాబు చెప్పాలి. చెప్పాకే చెయ్యి వదిలేది. జ్వరంతో ఉన్నా ఈ పని ఒక్కరోజూ మానలేదు. మోకాళ్ళు కాయలు కాశాయి. తరువాత వచ్చిన పిల్లలకు ఇదెందుకో తెలియదు. బడి అంటే ఇంతే అనుకునేవారు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడల్లా నేను వంటింట్లో దేవుణ్ణి తలచుకునేదాన్ని. ఏం కోరుకోవాలో తెలిసేది కాదు.

సోమవారం పొద్దున కబురు అందనివాళ్ళు ఎప్పటిలాగే పిల్లలను తీసుకొచ్చారు. వెనక్కి తీసుకెళ్ళడానికి వాళ్ళకు చోటు లేదు. పెరటి వసారాలో కూర్చోబెట్టి పక్కింటివాళ్ళు అన్నాలు పెట్టారు. మధ్యాహ్నం చెల్లెలిని తీసుకెళ్ళిపోయారు. సాయంత్రం తల్లులు వచ్చారు. పిల్లలు గేటు దగ్గర వరసగా నిలబడ్డారు.

"రారా, పోదాం," అని ఒక తల్లి చెయ్యి పట్టుకు లాగింది. వాడు కదలలేదు. ఎవరూ కదలలేదు. అడగాల్సిన మాట ఇంకా ఎవరూ అడగలేదు. నేను అడుగుదామనుకున్నాను. గేటు వైపు నడిచాను.

గేటు అవతల రమణమ్మ ఉంది. షిఫ్టు దిగి వచ్చేసరికి చివరిచూపు అందలేదు. జుట్టు నిండా దూది. ఆ అడిగే మాట సంగతి మిల్లులో అందరికీ తెలిసిందే. వరసను చూసి, లోపలికి వచ్చింది. మొదటి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"యాడన్నా నొప్పా అమ్మా?"

"లేదు."

పక్క పిల్లాడి ముందుకు జరిగింది. ఒక్కొక్కరే జవాబు చెప్పి తల్లుల వెంట వెళ్ళారు. చివర అందరికంటే చిన్నది, ఇంకా మాటలు కూడబలుక్కునే పిల్ల. "లేదు," అంది. వినపడలేదేమోనని గట్టిగా మళ్ళీ, "లేదు," అంది. వాళ్ళమ్మ చేతులు చాపి నిలబడే ఉంది. రమణమ్మ చెయ్యి మాత్రం ఆ పిల్ల పొట్ట మీదే ఉండిపోయింది.