ఆ పాటలోని ‘నువ్వు’ నేనే

ఆ పాట ఎక్కడ వినిపించినా నేను లేచి వెళ్లిపోతాను. పాపం, స్నేహితుడు గుర్తొచ్చాడని అందరూ దారి ఇస్తారు. కొందరు భుజం తడతారు. అది దుఃఖం కాదు. భయం. ఆ పాట నన్ను తిడుతోందని నాకు తెలుసు. ఏళ్లుగా ఈ సంగతి ఒక్కణ్నే మోస్తున్నాను. ఇక మోయలేను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. వినండి చాలు.

పాడినవాడు ఏలియా. వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు నలుగురం కలిసి బ్యాండు పెట్టుకున్నాం. నాది గిటారు, అతనిది గొంతు. అతనిది ధరూరు దగ్గర ఊరు. వాళ్ల నాన్న సగం ఏడాది బొంబాయిలో మట్టిపనికి పోయేవాడు, మిగతా సగం ఊళ్లో కూలి చేసేవాడు. చర్చిలో పాడి పెరిగిన ఆ గొంతు మా గిటార్ల మోత మీద లేస్తే గదిలో కిటికీలు అదిరేవి. మాది ఆత్మకూరు. భూములున్న ఇల్లు. మా బ్యాండులో కులం లేదని నేను కాలేజీ అంతా చెప్పుకు తిరిగేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మా కొత్తింటి గృహప్రవేశానికి బ్యాండు పాడాలని నేనే పట్టుబట్టాను. మిగతా ఇద్దరూ సాయంత్రానికి వస్తామన్నారు. స్పీకర్లు దింపించి వైర్లు కలపడానికి ఏలియా పొద్దున్నే వచ్చాడు. మధ్యాహ్నం బంతి భోజనాలు మొదలయ్యాయి. నేను మావాళ్ల వరసలో కూర్చున్నాను. పక్కన చోటు ఖాళీగానే ఉంది. షామియానా అంచున, స్పీకరు పెట్టె మీద కూర్చుని ఏలియా ఇటే చూస్తున్నాడు. రమ్మని చెయ్యి ఎత్తాను. మా చిన్నాయన వెనక నుంచి వచ్చి నా భుజం పట్టుకుని వంగాడు.

“ఆ పిలగాన్ని జర ఆగమను. మనోళ్లు తిని లేశినంక సూద్దం.”

చెయ్యి దించేశాను.

అంతే. నన్నెవరూ బెదిరించలేదు. ఇంట్లోంచి గెంటేస్తామనలేదు. చిన్నాయన మాట ఏలియాకు వినిపించి ఉండదు, కానీ నా చెయ్యి లేవడం చూశాడు, దిగడమూ చూశాడు. నేను విస్తరిలోకి తల వంచి, వడ్డించేవాణ్ని పిలిచి ఇంకో భక్షం వెయ్యమన్నాను. ఆకలై కాదు, అటు చూడకుండా ఉండడానికి. మావాళ్లు తిని లేచారు. ఎవరూ అతన్ని పిలవలేదు. పోనీ నేను వెళ్లి పిలవచ్చుగా? ఎవరు ఆపారు? అతను సాయంత్రం ఖాళీ కడుపుతోనే పాడాడు. వైర్లు చుట్టిపెట్టి వెళ్లిపోయాడు. చొక్కా పట్టుకుని నాలుగు తన్ని ఉంటే ఎంత బాగుండేది!

కొన్నాళ్లకు కొత్త పాట తెచ్చాడు.

వాసనొచ్చె, వాసనొచ్చె, పిలుపు రాకపాయె
నీ ఇస్తర్ల మెతుకు మెరిసె
నీ కన్ను నన్ను సూడకపాయె

చివరి మాట దగ్గర అతను అరిచే అరుపుకు కుర్రాళ్లు పిచ్చెక్కి ఊగేవాళ్లు. ఆ అరుపు వెనకే నా గిటారు అందుకోవాలి. అందుకునేవాణ్ని. నన్ను తిట్టే పాటకు నేనే వాయించి, చప్పట్లు కొట్టించుకున్నాను. వాయిస్తుంటే నా వైపు ఒక్కసారి కూడా చూసేవాడు కాదు.

గద్వాల రోడ్డు మీద బండి ప్రమాదంలో ఏలియా పోయాడు. పోయాక పాట ఫోన్లన్నిటిలోకీ ఎక్కింది. ‘నీ కన్ను’ అంటే దేవుడి కన్ను అన్నారు కొందరు. ప్రభుత్వం అన్నారు ఇంకొందరు. హాయిగా ఉండేది నాకు. తర్వాత ఒక వీడియో ఛానెల్ అమ్మాయి వచ్చి, మీరు దగ్గరివాళ్లు కదా, ఆ ‘నువ్వు’ ఎవరు అని అడిగింది. ఎవరింట్లోనో జరిగిన అవమానమట కదా, అని కూడా అంది. వాళ్ల నాన్న, అన్నాను. బొంబాయి పోయి కొడుకును పట్టించుకోలేదు, వచ్చినా పక్కన కూర్చోబెట్టుకుని ఇంత అన్నం పెట్టలేదు అన్నాను. తడుముకోకుండా వచ్చింది అబద్ధం. ఆయననే ఎందుకు ఎంచుకున్నాను? కాదని చెప్పడానికి ఆయన దగ్గరకు ఏ కెమెరా పోదు గనక. ఆ వీడియో కింద జనం ఆ ముసలాయన్ను తిట్టిన తిట్లు నేను కూర్చుని చదివాను.

సంవత్సరీకానికి ధరూరు చర్చికి నన్ను పిలిచారు. ప్రార్థన అయ్యాక పెద్దాయన లేచి అందరి ముందు నిలబడ్డాడు. “నా కొడుకును ఆకలితోని ఉంచిన. నాకు తెల్వకుండనే ఉంచిన. దేవుడు నన్ను మన్నించాలె” అన్నాడు. నేను ముందు వరసలో గిటారు పట్టుకుని కూర్చున్నాను. లేవలేదు. తర్వాత భోజనాల్లో ఆయనే వచ్చి నా పళ్లెంలో బగారన్నం పెట్టి, కోడికూర పోశాడు.

“ఒక్క మాట అడుగుత సారూ, ఏమనుకోకు. పిలగాడు ఏ పూట పస్తున్నడో నీకేమన్న చెప్పిండా? ఎంత సోంచాయించినా నాకు యాదికొస్తలేదు.”

“లేదు పెద్దయ్యా. చిన్నప్పుడెప్పుడో అన్నడంతే.”

“ఉంటది. పాటల పెట్టుకున్నడంటే ఉత్తగనే పెట్టుకోడు. నువ్వు తిను సారూ, తిను.”

తిన్నాను. అక్కడ కూడా తిన్నాను.

చెబితే నమ్మరు, ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఎందుకు తలూపుతావు? అబద్ధం అని అరవ్వేం? కొడుకు స్నేహితుణ్ని సారూ అని పిలుస్తావేం? చెయ్యని తప్పును అంత తేలిగ్గా తనదనుకునేలా ఆ మనిషిని చేసింది ఎవరని అడిగితే, జవాబు మళ్లీ మా ఇంటి దగ్గరికే వస్తుంది. మా బంతి దగ్గరికి. నా దగ్గరికి.

ఆయనకు నేను ఇంకా చెప్పలేదు. మన్నిస్తాడేమోనని భయం. ఆయన మన్నించేస్తాడు, నేను ఆ మన్నింపును కూడా తిని అరిగించుకుని మామూలుగా బతికేస్తాను. నా సంగతి నాకు తెలుసు. పేరు దాచి ఇలా రాయడం కూడా పిరికితనమే. మీరు జాలిపడొద్దు. ఎక్కడైనా ఆ పాట వినిపించి, పక్కవాళ్లు ఆ తండ్రిని ఒక మాట అంటే, కాదని చెప్పండి. ఏలియా తండ్రి కొడుకును పస్తు ఉంచలేదు. ఉంచింది స్నేహితుడు. నేనే. రాసేశాను. కొట్టివేయను.