వేరుశనగకాయలోకి పోయిన బంగారం

డూఫీకి నోరు తక్కువ, నాకు ఎక్కువ. అందుకే దాని సంగతి ఈ బిరాగో చెప్పాల్సి వస్తోంది.

మా ఊరు కుమాసీలో కంసాలి ఆంపెమ్ కొలిమికీ నా పూసల కొట్టుకీ మధ్య ఒక తడికే అడ్డం. డూఫీ ఆయనకు అక్కకూతురు. చిన్నప్పుడు మేనమామకి దంచిన దుంపల ఫుఫూ గిన్నె పట్టుకొచ్చి, ఆయన తినేలోగా కింద రాలిన మైనంముక్కతో నత్తను చేసింది. గిన్నె ఇంటికి తిరిగి వెళ్లింది గానీ పిల్ల వెళ్లలేదు. మాలో మేనమామ సొత్తు మేనల్లుడికి పోతుంది. ఆ మేనల్లుడేమో లారీ నడుపుకుంటూ ఊళ్లు తిరుగుతున్నాడు, వాడికి కొలిమి పేరు చెబితేనే చెమటలు పడతాయి. దాంతో పనంతా డూఫీ మీద పడింది. తేనెమైనాన్ని దారంలా పేని నగ అల్లడం, బొగ్గుపొడి కలిపిన బురద పూయడం, దాని మీద పీచు కలిపిన మట్టి మెత్తి నీడన ఆరబెట్టడం, అన్నీ అదే చేసేది.

నిప్పు దగ్గరికి మాత్రం రానిచ్చేవాడు కాదు. కొలిమి రాజుకున్నాక ఆడమనిషి గడప దాటకూడదని ఆంపెమ్ పట్టు. నిప్పు మీద చెయ్యి తిరగందే పని వచ్చినట్టు కాదు. పని వచ్చిందని గురువు నలుగురిలో చెప్పందే బజారులో ఎవరూ చిటికెడు బంగారం నమ్మి ఇవ్వరు. ఆ ఒక్క మాట కోసం డూఫీ కాచుకుని కూర్చుంది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, అయినా కాచుకునే ఉంది.

"నోరు తెరిచి అడగవే!" అని పోరేదాన్ని.

"అడిగి తెచ్చుకునే మాట కాదు పిన్నీ. ఆయనకే తోచాలి."

"ఆయనకి తోచేసరికి నీకు మనవలు పుడతారు."

నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు ఒక అక్వాసిడే పండక్కి మా ఊరి రాణమ్మ ఉంగరం చేయమని ఆంపెమ్‌కి తమ ఇంటి బంగారం పంపింది. ఉంగరం మీద తాబేలు కావాలంది. అడవిలో ఉన్నది నత్తా తాబేలే అయితే తుపాకీ మోగదని మాలో సామెత. ఇంటివాళ్ల తగవులు తీర్చి తీర్చి విసిగిన మనిషి, గొడవలేని ఆ గుర్తే కోరుకుంది. మైనపు తాబేలును ఆంపెమ్ స్వయంగా చేశాడు. డూఫీ తన సరదా కోసం పచ్చి వేరుశనగకాయ ఒకటి తీసుకుని దానికే బురద పూసింది. నిప్పులో కాయ కాలి బూడిదవుతుంది. బూడిద ఊదేసి లోహం పోస్తే కాయ మీది గీతలతో సహా దిగుతుంది. మావయ్య చేత అందులో ఇత్తడి పోయించుకోవాలని దాని ఆశ.

లోపలి మైనం కరిగి కారిపోయి అచ్చు ఖాళీ అయ్యాక, లోహం పెట్టిన మట్టిగిన్నెను దాని నోటికి అతికించి మొత్తం మట్టితో మూసేస్తారు. అన్నీ లోపలే. నిప్పులో లోహం కరిగాక ముద్దను తలకిందులు చేస్తే అది అచ్చులోకి దిగుతుంది. గిన్నెలు అతికించే వేళకి రెండు అచ్చులూ ఒక్క కాన్పు పిల్లల్లా ఉన్నాయి. రాణమ్మ ఉంగరపు అచ్చు మీద ఆంపెమ్ గోటితో గీత పెట్టుకున్నాడు. తర్వాత దాని మీద చిన్న బీట కనిపిస్తే తడిచేత్తో రుద్దాడు. బీటతో పాటు గీతా పోయింది. ఆయన చూసుకోలేదు.

చల్లారాక ముద్దలు పగలగొట్టాడు. మొదటిదాంట్లోంచి తాబేలు ఉంగరం చక్కగా వచ్చింది. అంతా ఇత్తడే. రెండోదాంట్లోంచి బంగారు వేరుశనగకాయ వచ్చింది.

ఎదురుకొట్టు దర్జీ తుమాసి వెంటనే అందుకున్నాడు. "ఇందాక ఆ పిల్ల నీళ్లకుండతో గడప దాటింది. నేను కళ్లారా చూశాను. ఆడదాని కాలు పడితే ఇంకేమవుతుంది?"

ఆంపెమ్ తల వంచుకున్నాడే గానీ కాదనలేదు.

డూఫీ కాయను అరచేతిలో పెట్టుకుంది. కాయ కొన దగ్గర చిన్న వంపు కూడా తప్పిపోకుండా దిగింది. తనకు తానుగా మొదలుపెట్టిన మొదటి బంగారు వస్తువది. "కాసేపు చూసుకోనా మావయ్యా?" అంది. చూసుకుంది. తర్వాత మళ్లీ కరిగించడానికి తానే ఉలి తీసుకుని ముక్కలు చేసింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అది మాత్రం ఏడవలేదు.

మళ్లీ మైనం దగ్గర కూర్చుంటే ఆంపెమ్ పేనిన దారం పేనినట్టే తెగిపోయింది. పండగ ముంచుకొస్తోంది. డూఫీయే తాబేలును చేసింది. నిప్పు వేళకి ఆయన పట్టకారు ఎత్తబోయి ఎత్తలేకపోయాడు. గడప బయట నిలబడ్డ పిల్లను చూసి "రా" అన్నాడు. ముద్దను చెవి దగ్గరికంటా తెచ్చి కదిపి, లోపల లోహం నీరైన చప్పుడు విని, డూఫీ ఒక్క ఊపున తిప్పింది. ఉంగరం వచ్చింది.

అయినా బజారంతా తుమాసి మాటే చెప్పుకుంది. ఆంపెమ్ విని కొలిమిలోకి తప్పుకునేవాడు. నేనే తడిక మీంచి అడిగేశాను.

"నిజం చెప్పడానికి నీకేం రోగమయ్యా?"

"ఈ వయసులో పేరు పోతే మళ్లీ రాదు బిరాగో."

"దానికి అసలు రాకుండానే చేస్తున్నావు కదా!"

ఆయన కొలిమి తిత్తి పక్కన పెట్టేశాడు. ఆ రోజు తడిక అవతల కొలిమి చప్పుడే లేదు.

పండగనాడు ముగ్గురం రాణమ్మ లోగిలికి వెళ్లాం. ఆవిడ ఉంగరం పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంది. చుట్టూ ఊరంతా ఉంది. "ఆంపెమ్, మొదటిది ఆడదాని కాలు పడి చెడిందటగా?" అంది.

డూఫీ నేలచూపులు చూస్తోంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. ఆంపెమ్ లేచి, పెద్దల ముందు మర్యాదగా భుజం మీది బట్ట కిందికి దించి నిలబడ్డాడు.

"లేదు రాణమ్మా. నా చేత్తోనే చెడింది. పెట్టుకున్న గుర్తు నేనే చెరిపేసుకుని మీ బంగారం వేరే అచ్చులో పోశాను. మీ వేలికున్నదాంట్లో నా చెయ్యి లేదు. మైనం నా అక్కకూతురిదే, నిప్పూ దీనిదే."

"అయితే ఈసారి బంగారం ఎవరికి పంపాలి?"

ఆయన డూఫీని ముందుకు పిలిచాడు. "దీనికే పంపండి. పని వచ్చింది దీనికి. తిత్తి నేను ఊదుతాను."

కాయను ముక్కలు చేసినప్పుడు ఏడవని పిల్ల అక్కడ, ఆ జనంలో, వెక్కివెక్కి ఏడ్చింది. నేను దగ్గరికి తీసుకున్నాను. తుమాసి ఎక్కడున్నాడా అని వెతికాను గానీ కనపడలేదు.

మర్నాడు పొద్దున పూసలు గుచ్చుకుంటుంటే తడిక అవతల తిత్తి చప్పుడు మొదలైంది.

"మెల్లగా మావయ్యా, మెల్లగా" అంటోంది డూఫీ.

ఆంపెమ్ మెల్లగా ఊదాడు.