పన్నెండో కోడి

మా పెద్దమ్మ ఇక లేదన్న కబురు నాకు బడిలో, ఏడో తరగతికి భిన్నాలు చెబుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది తమ్ముడు, ఆమె కొడుకు. ఏడుస్తూనే అంతా వరుసగా చెప్పుకొచ్చాడు. "పొద్దుగాల బర్రెను పిండింది అక్కా. గంపలు లేపి కోళ్లను ఇడిచింది. అరుగు మీద కూసున్నది. నేను చాయ్ తెచ్చేసరికి లేదు." ఆఖర్న, "కోళ్లకు నూకలు గూడ చల్లిందే" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పిల్లలు బిత్తరపోయి చూశారు.

నర్సింహులపేట దాటాక మట్టిబాట పట్టి కొంతదూరం పోతే మిరపచేన్ల నడుమ ఆమె ఇల్లు. ఊళ్లో కాదు, బాయికాడ. రెండు గదుల పెంకుటిల్లు, పశువుల కొట్టం, గడ్డివాము. ఒక బర్రె, రెండు మేకలు, ఎవరినీ కరవని కుక్క, కోళ్లు. నాకు మొదటి ఉద్యోగం నర్సింహులపేట బడిలో వచ్చినప్పుడు అద్దెకు గది చూసుకుంటానంటే ఆమె ఒప్పుకోలేదు. "పెద్దమ్మ ఇల్లుండంగ కిరాయికుంటవా? నలుగురు నన్నేమంటరు?" అని నా పెట్టెను తనే లోపలికి మోసుకుపోయింది. స్టేషన్ ఘన్‌పూర్‌కు బదిలీ అయ్యేదాకా ఐదేళ్లు అక్కడే ఉన్నాను. నేను అంతగా నవ్విన ఐదేళ్లు మళ్లీ రాలేదు.

ఆ ఇంట్లో రోజు చీపురుతో మొదలయ్యేది. పెద్దమ్మ వాకిలంతా ఊడ్చుకుంటూ వచ్చి కొట్టం మూల దగ్గర ఆగేది. "జర జరుగు" అనేది. అక్కడ మనిషి ఉండడు, పశువు ఉండదు. ఒకరెవరో లేచి పక్కకు తప్పుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నిలబడి, తర్వాత ఆ మూల ఊడ్చేది. బర్రె కూడా కొట్టంలోంచి బయటికి వచ్చేటప్పుడు ఆ మూల దగ్గర ఒక అడుగు పక్కకు వేసి నడిచేది. నేను మొదటి వారమే అడిగాను.

"ఎవరున్నరు పెద్దమ్మా అక్కడ?"

"నాకేమెర్క?"

"మరెవరిని జరుగమంటున్నవ్?"

"ఉన్నోళ్లను." అంతే. మళ్లీ అడగబోతే నా చేతిలో పాలచెంబు పెట్టింది.

లెక్కల టీచరును కదా, దేనికైనా జవాబు రాబట్టాలన్న దురద నాకు. ఆమెకు ఆ దురద బొత్తిగా లేదు. ఒకసారి అరుగు మీద పెట్టిన నా జవాబు పత్రాల్లో సగం మేక నమిలేసింది. నేను లబోదిబోమంటుంటే పెద్దమ్మ మేక గడ్డం పట్టుకుని నోట్లోకి చూసి, "అందరికి పాసు మార్కులెయ్యి బిడ్డా. మేకకు అరిగిందంటే మంచిగనే రాసిండ్రన్నట్టు" అంది. అలాగే వేశాను. నా సర్వీసులో నేను చేసిన తప్పు అదొక్కటే అని చెప్పను కానీ, సంతోషంగా చేసిన తప్పు మాత్రం అదే.

ఇక కోళ్ల సంగతి. నేను చేరిన ఏడాది ఆ ఇంట్లో పదకొండు కోళ్లున్నాయి. పొద్దుగూకే వేళ పెద్దమ్మ వాటిని ఒక్కొక్కటిగా పట్టి రెండు గంపల కింద కమ్మేది. పైకి లెక్కపెడుతూ కమ్మేది. "ఆరు. ఇంకో ఆరు." అంటే పన్నెండు. తెల్లారి గంపలు లేపితే ఒకదాని కిందినుంచి ఆరు వచ్చేవి, రెండోదాని కిందినుంచి ఐదు.

మొదట ఆమె లెక్క తప్పనుకున్నాను. నేనే కమ్మాను. పన్నెండు! పొద్దున పదకొండు. పక్కింటి కోడి అనుకుందామంటే పక్కిల్లు అంటూ లేదు. గంప మీద రాయి పెట్టాను. రాయి పెట్టినట్టే ఉంది, కోడి మాత్రం లేదు. పెద్దమ్మ నా అవస్థ చూసి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

"ఇంటికొచ్చినోళ్లను నువ్వెవరని అడుగొద్దు బిడ్డా, తిన్నవా అని అడుగాలె" అనేది. పదకొండు కోళ్లకు సరిపడా నూకలు చల్లి, ఆ పైన ఒక పిడికెడు వేసేది.

నాకు అది చాలలేదు. ఒక పొద్దున గంపలు లేపకముందే చెయ్యి లోపలికి పెట్టి, ఒక్కో కోడినీ బయటికి తీసి, దాని కాలిగోళ్లకు నా ఎర్రరంగు పూశాను. పదకొండు కోళ్లకూ. గోరు రంగు సీసా ఖాళీ అయింది. రంగు లేని కాళ్లతో వచ్చేది ఏదో, సాయంత్రం తేలిపోతుందని బడిలో రోజంతా నా మనసు నిలవలేదు.

సాయంత్రం పన్నెండు కోళ్లు వచ్చాయి. పన్నెండింటి కాళ్లకూ ఎర్రరంగు ఉంది.

తమ్ముణ్ణి పిలిచాను. వాడు మోకాళ్ల మీద కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టి, లేచి ఇంట్లోకి పోయాడు. పెద్దమ్మ మాత్రం ఒక్కో కోడి కాలూ ఎత్తి చూసి, "ఆమెకు గూడ పెట్టినవా? మంచి పని చేసినవ్. ఒక్కదాన్ని ఇడిస్తె చిన్నబోతది" అని మురిసిపోయింది.

కానీ మర్నాటి నుంచి సాయంత్రం పూట కూడా పదకొండే. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కమ్మేటప్పుడు "ఆరు, ఐదు" అని మెల్లగా అని, చెయ్యి కడుక్కునేది. ఆ ఐదు అనే మాట నాకు ఎంత కష్టంగా వినిపించేదో చెప్పలేను. ఒకరోజు నేనే గిన్నెలో నూకలు తీసుకుని, ఆ పై పిడికెడు చల్లి, సిగ్గు విడిచి వాకిలికి చెప్పాను: "తప్పయింది. ఇంక చూడ." నాలుగో రోజుకు ఆరూ ఆరూ కుదిరాయి. ఆ పూట పెద్దమ్మ బెల్లం పరమాన్నం వండింది.

ఆమె తన కోళ్లలో ఒక్కదాన్ని కూడా కొయ్యనిచ్చేది కాదు. చుట్టాలొస్తే బజారు నుంచి తెప్పించేది. కోడిపిల్లలు లేస్తే అడిగినవాళ్లకు పెంచుకోవడానికి ఇచ్చేది. ఎందుకని అడిగితే, "ఏది మనదో, ఏది సుట్టమో ఎర్కలేకుంట కత్తెట్ల పెడ్తం?" అనేది.

ఆ మాట నాకు మళ్లీ పెద్దమ్మ పోయిన పదకొండో రోజున గుర్తొచ్చింది.

దినాలకు చుట్టాలంతా వచ్చారు. పొద్దున్నే వంటకు పొయ్యిలు తవ్వారు. మామ ఒకాయన గంపల వైపు చూసి, "ఇంట్ల ఇన్ని నాటుకోళ్లు పెట్టుకుని బజార్ల కొంటవారా? మీ అవ్వ పేరు మీద పెట్టేది, మంచిది పెట్టు" అన్నాడు. తమ్ముడు కాదనలేకపోయాడు. కత్తి తెచ్చి గంప అంచు లేపి ఒక కోడిని బయటికి తీశాడు. అది అరవలేదు. వాడి చేతిలో కుదురుగా కూర్చుంది.

వాడు కత్తి పట్టుకుని నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు లెక్కల టీచరువు. ఇది మనదేనా?"

అందరూ నన్నే చూస్తున్నారు. గంప సందుల్లోంచి నాకు అన్నీ కనిపిస్తున్నాయి. ఒకదాని కింద ఆరు, రెండోదాని కింద నాలుగు, వాడి చేతిలో ఒకటి. పదకొండు. పొద్దున మిగిలేవి ఎప్పుడూ మనవే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. ఔనంటే చాలు, మధ్యాహ్నానికి అన్నీ కూరలో ఉంటాయి. కానీ పన్నెండింటి కాళ్లకూ రంగు చూసిన కళ్లు నావి. పొద్దున పదకొండు మిగులుతాయి, నిజమే. వెళ్లిపోయింది ఏదో, ఉండిపోయింది ఏదో ఎవరు చూశారు?

"నాకు తెల్వది తమ్మీ" అన్నాను.

లెక్కల టీచరుగా అంత సరైన జవాబు నేను ఎప్పుడూ చెప్పలేదు. తమ్ముడు నన్ను చూశాడు, కోడిని చూశాడు. దాన్ని కింద పెట్టాడు. అది రెక్కలు ఒకసారి విదిలించుకుని, ఏమీ జరగనట్టు గడ్డివాము వైపు నడిచింది. "అవ్వకు ఇష్టముండది మామా" అని వాడు బండి తీసుకుని నర్సింహులపేట వెళ్లి కోళ్లు తెచ్చాడు. మామ కాసేపు గొణిగాడు కానీ, అందరికంటే ఎక్కువ తిన్నది ఆయనే.

మర్నాడు నేను మొదటి బస్సు అందుకోవాలని తెల్లవారుజామునే లేచాను. వాకిట్లో చీపురు చప్పుడు వినిపించింది. తలుపు సందులోంచి చూస్తే తమ్ముడు. పుట్టి బుద్ధెరిగాక చీపురు ముట్టనివాడు వంగి వాకిలి ఊడుస్తున్నాడు. ఊడ్చుకుంటూ ఊడ్చుకుంటూ కొట్టం మూల దగ్గరికి వచ్చి ఆగాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"జర జరుగు" అన్నాడు.

చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఇద్దరు లేచి తప్పుకోవడానికి పట్టేంతసేపు.