ఘాటు లేని గది

మదార్‌బీ ఉయ్యాలలు ఊపుతుంటే జట్కా తోలుతున్నట్టే ఉంటుంది: చేతులకు రెండు తాళ్లు, కాలి బొటనవేళ్లకు రెండు, నోట్లో వక్కాకు. గుంటూరు మిరపకొట్లలో తొడిమలు తీసే ఆడకూలీల పిల్లల్ని ఒక కొట్టు వసారాలోనే ఏళ్ల తరబడి సాకింది. వ్యాపారులూ, మసీదు పెద్దలూ, మహిళా సంఘమూ కలిసి అవతలి వీధిలో సున్నం కొట్టిన గది, పాలపొడి, కరెంటు ఫ్యాను సమకూర్చేసరికి ఆమెకు కాళ్లు నేలమీద ఆనలేదు. మిరపఘాటు పోయేలా మజ్జిగతో చేతులు కడుక్కోనిదే తల్లుల్ని గడప తొక్కనివ్వలేదు. అయితే ఆ చల్లటి గాలిలో పిల్లలు కునుకు తీస్తే ఒట్టు. ఒకటే గుక్కపట్టి ఏడుపు. ఇట్లాగైతే పని మానేసి పిల్లల్ని ఎత్తుకుపోతామని తల్లులు తెగేసి చెప్పారు.

ఒకనాడు ఆ ఏడుపు విని, తల్లుల్లో ఒకతె పిచ్చమ్మ చేతులు కడుక్కోకుండానే దూసుకొచ్చి, మిరపదుమ్ము నిండిన కొంగు దులిపి బిడ్డనెత్తుకుంది. గదిలో పిల్లలంతా వరసగా తుమ్మి, హాయిగా నిద్రపోయారు. "పుట్టినకాడ్నించీ అమ్మంటే ఈ ఘాటే గదా," అంది మదార్‌బీ. అప్పట్నించీ వ్యాపారులు పాలపొడితోపాటు ఖాళీ మిరప గోతం కూడా పంపుతున్నారు. పొద్దున్నే ఆమె దాన్ని ఫ్యాను కింద దులుపుతుంది. మొన్న చూడవచ్చిన సంఘం అధ్యక్షురాలు తుమ్ములు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

"మెల్లగా తుమ్మండమ్మా," అంది మదార్‌బీ, తాళ్లు వదలకుండా. "పిల్లలు లేస్తారు."