అన్నం జిగురుతో అంటించిన నోటీసు

ఇఫ్తేఖార్ అంకుల్ చేసే పని నాకు అస్సలు నచ్చేది కాదు. సింగపూర్‌లో హౌగాంగ్ అనే పేటలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఖాళీ చేయమని ఓనర్లు రాయించిన నోటీసులు పట్టుకెళ్లి కిరాయిదారుల చేతికివ్వడమే ఉద్యోగం. ఆయనదీ కిరాయి ఫ్లాటే. కాలేజీ మానేసి సింగపూర్ వచ్చిపడ్డ నేను అందులో ఒక గదిలో ఉండేవాణ్ణి.

ఆయనకో పద్ధతి ఉంది. తలుపు కింద నుంచి తోసి పోడు. మూడుసార్లు తట్టి, చెప్పులు విప్పకుండా గుమ్మం బయటే నిలబడి, నోటీసంతా చదివి వినిపించి సంతకం తీసుకుంటాడు. మనిషి లేడంటే మర్నాడొస్తాడు. మూడోరోజు మాత్రం తలుపుకి అంటించేస్తాడు, నలిపిన అన్నం మెతుకులతో. టేపు వేస్తే తలుపు మీద మచ్చ పడుతుందట. ఇల్లు ఖాళీ చేయడానికి ఆ రోజు నుంచి రెండు నెలలు లెక్క.

కంపెనీలు ప్రోగ్రామర్లను విమానాల నిండా దింపుతున్న రోజులవి. ఫ్లాట్‌కి ఎనిమిది మందిని కుక్కొచ్చని ఓనర్లు పాతవాళ్లను ఖాళీ చేయిస్తున్నారు. ఒక సాయంత్రం అంకుల్ సంచీలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. దానిమీద ఆయన పేరే ఉంది.

పన్నెండేళ్లుగా ఉంటున్న ఇల్లు. ఆయన భార్య అతియా ఆంటీ కవరు మీది పేరు రెండుసార్లు చదివింది.

"చెత్త గొట్టంలో పడేయండంకుల్. అందకపోతే లెక్కే మొదలవదుగా" అన్నాను.

"అరే చంటీ, ఇన్నొందల మందికి సదివి ఇచ్చిన. నాది నేనే పారేస్తనా? రేపు పదింటికి ఇస్త."

"అజీ, ఎవరికిస్తరు?" అంది ఆంటీ.

"ఇఫ్తేఖార్‌కు."

నవ్వాను. మర్నాడు పదింటికి తలుపు మూడుసార్లు మోగినప్పుడు నవ్వు రాలేదు. ఆంటీ తీసింది. బయట అంకుల్. ఆమెను ఎన్నడూ ఎరగనట్టు చూశాడు.

"ఇఫ్తేఖార్ గారున్నరా అమ్మా?"

ఆంటీ మెల్లగా అంది, "లేరు."

"రేపొస్త."

మధ్యాహ్నం మామూలుగా వచ్చి అన్నం తిన్నాడు. పులుసులో ఉప్పు తక్కువన్నాడు. పొద్దుటి ఊసే లేదు. రెండోరోజూ అంతే. ఈసారి ఆంటీ "లేరు" అని గట్టిగానే చెప్పింది.

మూడోరోజు ఆయనకు జ్వరం. "ఇయ్యాల పోను" అని పడుకున్నాడు. గండం గడిచిందనుకుంది ఆంటీ. సంచీ మంచం కిందే ఉంది. నేను తలుపు ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాను. గదిలోంచి ఆయన దగ్గు వినిపిస్తోంది.

పదింటికి తలుపు మూడుసార్లు మోగింది. లోపల దగ్గు ఆగలేదు.

తీశాను. కారిడార్ చివరిదాకా ఎవరూ లేరు. తలుపు మీద నోటీసు ఉంది. అంచుల్లో జిగురు ఇంకా తడిగానే ఉంది. పరుగెత్తి సంచీ లాగి చూశాను. కట్టు కట్టినట్టే ఉంది. విప్పితే కవరు లేదు.

"పీకెయ్యి చంటీ!" అని అరిచింది ఆంటీ.

అంకుల్ గోడ పట్టుకుంటూ బయటికొచ్చాడు. చెప్పులేసుకుని గుమ్మం అవతల నిలబడి, అక్షరం వదలకుండా చదివి, సంతకం పెట్టాడు. ఆయన వేళ్లకేసే చూశాను. పొడిగా ఉన్నాయి.

"ఇయ్యాల్టి నుంచి రెండు నెలలు. సామాను సర్దుకో అతియా."

రెండు నెలలకు ఇల్లు ఖాళీ చేశాం. తాళం వేశాక, అలవాటు కొద్దీ కాబోలు, ఆయన మూడుసార్లు తట్టాడు.

"లేరు" అంది లోపలి నుంచి ఆంటీ గొంతు. ఆంటీ నా పక్కనే నిలబడి ఉంది, చేతిలో కుక్కరుతో.

"రేపొస్త" అన్నాడు అంకుల్.