గాజులు తీయించే ఊరు

నా ప్రభువుకు స్తోత్రం. కొండలకు హద్దులు పెట్టినవాడికి, ఆ హద్దుల మధ్య కొత్త గోడలు కట్టుకునే మనుషులను ఓర్పుతో చూస్తున్నవాడికి స్తోత్రం. మనిషి మనసులో చాలా గదులుంటాయని, వచ్చినవాళ్లకు చూపించేది ముందుగది ఒక్కటేనని ఎరిగిన తండ్రికి మహిమ కలుగును గాక. ఆయన వెలుగులో కూర్చొని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఊరు తడ నుంచి పడమటికి పోతే వస్తుంది. ఆఫీసు పనులుంటే తిరుపతి పోతాం. పెళ్లి బట్టలకు, పెద్ద జబ్బులకు చెన్నై పోతాం. పట్నమంటే మాకు చెన్నైయే. ఆ పట్నం పెరిగి పెరిగి ఒకనాటికి మా గడప దాకా వస్తుందని పెద్దలు అనేవాళ్లు. వచ్చింది పట్నం కాదు. పట్నానికి దగ్గరగా ఫ్యాక్టరీల కోసం కాగితం మీద ముందే గీసిపెట్టిన ఊరొకటి వచ్చింది.

మామూలు ఊళ్లో ముందు మనుషులు తిరుగుతారు, తర్వాత దారి పడుతుంది. ఇక్కడ ముందు దారులు వేశారు, దీపాలు పెట్టారు, ఒకే ఎత్తున మొక్కలు నాటారు. ఆ దారుల మీద నడిచే మనిషి మాత్రం కనిపించడు. బోర్డుల మీద తెలుగు చిన్నగా, ఇంగ్లీషు పెద్దగా, ఇంకేదో లిపి మరీ పెద్దగా ఉంటుంది. ఆ లిపి చదివేవాళ్లు మాలో ఎవరూ లేరు. చదవలేని అక్షరాన్ని నమ్మేదెట్లా? మా సంఘంలో ఆ అక్షరాల గురించి, గేటు దగ్గర వేలిముద్ర తీసుకునే యంత్రం గురించి చాలా మాటలు నడిచాయి. చివరి దినాల్లో చేతి మీద ముద్ర వేయించుకోనివాడు కొనలేడు, అమ్మలేడు అని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. మాకు భయం లేదంటే అది అబద్ధం.

మాకు పొలం లేదు కాబట్టి ఆ గోడల లోపలికి మాది పోయిందేమీ లేదు. కూలికి పోయే చేలు పోయాయి, అంతే. అందుకే నేనూ పని కోసం ఆ గేటు ముందు నిలబడ్డాను. వేలు పెట్టమన్నప్పుడు ఎడమచేతి బొటనవేలు పెట్టాను. బైబిలు వాక్యంలో ముద్ర కుడిచేతికని ఉంది మరి. గార్డు నవ్వి, "అందరూ కుడిచెయ్యి పెడతారమ్మా, నువ్వేంది ఎడమచెయ్యి? పుర్రచేతి వాటమా?" అన్నాడు. అవునన్నట్టు తల ఊపాను. ఆ యంత్రానికి నేను ఈనాటికీ ఎడమచేతి మనిషినే.

నాతోబాటు అదే రోజు పనిలో చేరింది మా పక్కింటి కోడలు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఇల్లు, పశువుల పాక తప్ప వేరే చోటు ఎరగని పిల్ల. మొగుడు లారీ డ్రైవరు, నాయుడుపేట మీదుగా ఎక్కడెక్కడికో పోతుంటాడు. ఇంట్లో ఆ పిల్ల, అత్త. వాళ్లు గుడికి పోయేవాళ్లు, మేము ప్రార్థనకు పోయేవాళ్లం. గోడ ఒకటే అయినా రెండు వైపులా రెండు రకాల పాటలు వినపడేవి. అయినా కూర గిన్నెలు ఆ గోడ మీదుగానే అటూ ఇటూ తిరిగేవి.

మా పని ఫోన్ల లోపలికి పోయే చిన్న చిన్న పలకలను భూతద్దం కింద చూసి, బాగున్నవి ఒక పక్కకు, బాగాలేనివి ఇంకో పక్కకు పెట్టడం. ఆ గదిలోకి దుమ్ము పోకూడదు, లోహం పోకూడదు. గాజులు తీయాలి, ముక్కుపుడక తీయాలి, పువ్వులు వద్దు, మొహాన పౌడరు, కుంకుమ ఏదీ రాలకూడదు. తాళి ఒక్కటి లోపలికి వేసుకొని టేపు అతికించుకోవచ్చు. ఆ సంగతి చెప్పినప్పుడు ఆడపిల్లలంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాకు తీయడానికేమీ లేదు. బాప్తిస్మం నాడే అవన్నీ తీసేసినదాన్ని.

పక్కింటి పిల్ల మొదట్లో గాజులూ పుడకా టిఫిన్ డబ్బా పై గిన్నెలో పెట్టుకొని, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వేసుకునేది. బస్సు కుదుపుకు పుడక ముక్కులోకి పోయేది కాదు. ఒకసారి గాజు పగిలి వేలు తెగింది. తర్వాత మానేసింది. ఇంటికి పోయాక వేసుకుంటాలే అనేది, పోయాక పనిలో పడి మరిచిపోయేది.

అయినా ఆ పిల్లకు ఆ పని ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఒకరోజు బస్సులో అంది, "అక్కా, ఆడ నన్ను పేరు పెట్టి పిలస్తారు. ఇంట్లో పేరే మర్సిపోయినారు. కోడలా, మేయ్, ఒసే, అంతే."

ఆ మాట తర్వాత కొద్ది రోజులకే వీధి కొళాయి దగ్గర వాళ్ల అత్త నన్ను పట్టుకుంది. నేను పెద్దమ్మా అని పిలిచే మనిషి. బిందె కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకొని అడిగింది.

"ఏమ్మే, నా కోడల్ని నీళ్లలో ఎప్పుడు ముంచతా ఉండావు?"

నేను నవ్వులాట అనుకున్నాను. "వానలే లేవు గదా పెద్దమ్మా, ముంచేదానికి నీళ్లు యాడుండాయి?"

ఆమె నవ్వలేదు. "ఎగతాళి సాలు. పొద్దున చేతినిండా గాజుల్తో పోతాది, సాయంత్రం బోడి చేతుల్తో వస్తాది. మొగాన బొట్టు లేదు, ముక్కున పుడక లేదు. అచ్చం నీ మాదిరే ఉండాది. నా కొడుకు లారీ మీద రోడ్డెంట తిరగతా ఉండాడు. ఆడదాని చేతులు అట్టుంటే ఏమర్థమో నీకు తెలీదా?"

"ఆయమ్మ పక్కన కూసుంటే అంటుకుంటాదేమో అత్తా, జలుబు మాదిరి," అంది నీళ్లు పట్టుకుంటున్న ఇంకొకామె. అందరూ నవ్వారు.

"అది కంపెనీ రూలు పెద్దమ్మా. నాదేం లేదు."

"కంపెనీ రూలు! ముందు మా నేల తీసుకున్నారు. నేల ఒకటే గదా అన్నారు. ఇప్పుడు గాజులు తీయిస్తా ఉండారు. రేపేం తీయిస్తారో. సరే, నీదేం లేదంటివే, సత్యం చెయ్యి. నా కోడల్ని మీలో కలుపుకోవాలని నీకు లేదని ఒట్టు పెట్టు. ఈడ వద్దంటే కాణిపాకం పోదాం రా, ఆడ తల మీద నీళ్లు పోసుకొని చెప్పు."

అక్కడే నేను చిక్కుకున్నాను. మేము ఒట్టు పెట్టం. ఏ గుడిలో అయినా, ఏ బిడ్డ తల మీద అయినా, చివరికి మా ప్రభువు పేరు మీద అయినా సరే. అవునంటే అవును, కాదంటే కాదు, అంతవరకే మాకు సెలవు. అదే మాట చెప్పాను.

"చూసినారా?" అని ఆమె కొళాయి దగ్గరున్నవాళ్లందరి వైపూ తిరిగింది. "తప్పు లేనోళ్లు ఎవరన్నా ఒట్టుకు ఎనక్కు పోతారా?" బిందె నిండకుండానే ఎత్తుకొని పోయింది.

మర్నాడు బస్సు దగ్గరికి పిల్ల రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. గోడ అవతల నుంచి చీపురు చప్పుడు వినపడేది గాని మాట వినపడేది కాదు. మా లైనులో ఆ పిల్ల కూర్చునే స్టూలు ఖాళీగా ఉంది. ఇంకొన్నాళ్లు రాకపోతే వేరే మనిషిని పెడతామని సూపర్‌వైజరు నాతోనే చెప్పి పంపాడు. ఆ మాట మోసుకొని పక్కింటికి పోతే ఇంకో కుట్ర అనుకుంటారు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరయ్యగారి దగ్గరికి పోయాను. ఒక పిల్ల పని పోయేటట్టుంటే ఒట్టు పెట్టొచ్చా అని అడిగాను. ఆయన నా ప్రశ్న కంటే ముందు నా మణికట్టు చూశారు. మణికట్టు చుట్టూ ఒరుసుకుపోయిన కట్టు గుర్తు ఉంది.

"ఇదేందమ్మా, తాడు కట్టి తీసినట్టుండాదే?"

"బెల్టు అయ్యగారూ. కూర్చునేటప్పుడు చేతికి కట్టుకుంటాం. దానికో వైరుంటాది. మన ఒంట్లో ఉండే కరెంటు ఆ పలకలకు తగిలితే పాడైపోతాయంట."

"మన ఒంట్లో కరెంటా?" ఆయన నా చేతిని తిప్పి చూశారు. నమ్మారో లేదో తెలియలేదు. చివరికి, "ఒట్టు వద్దు. నిజం చెప్పు. నిజం చెప్పినాక ఏమైతే అది ప్రభువు చూసుకుంటాడు," అని ప్రార్థన చేసి పంపారు. ప్రార్థనలో ఆ పిల్ల పని గురించి అడగలేదు. నా చెయ్యి గురించి అడిగారు.

ఆయుధపూజ నాడు కంపెనీ వాళ్లు పనివాళ్ల ఇళ్లవాళ్లను లోపలికి రానిస్తారు. మా సంఘంవాళ్లం ఆ రోజు సెలవు పెట్టుకొని ఇంట్లో ఉంటాం. ఆ ముందురోజు నేనే పక్కింటి గడప దాకా పోయాను. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"పెద్దమ్మా, ఒట్టు పెట్టలేను. చూపించగలను. రేపు కోడల్ని తీసుకొని నువ్వే వచ్చి చూడు. చూసినాక కూడా వద్దంటే వద్దు."

ఆమె గడప మీదికి వచ్చి నిలబడింది. "మా చేను యాడుండాదో కూడా చూడొచ్చునా?" అని అడిగింది.

మర్నాడు ముగ్గురం పోయాం. బస్సు కంపెనీ గోడ దాటినప్పటి నుంచి పెద్దమ్మ కిటికీకి అతుక్కుపోయి, దూరంగా కనిపించే కొండ ముక్కును గుర్తు పెట్టుకొని తన వేరుశనగ చేను వెతికింది. "ఈడే... కాదు, ఆడ..." అంటూనే ఉంది. అంతా నల్లటి రోడ్డు, తెల్లటి గీతలు. చివరికి కార్లు ఆపే చోటు చూపించి, "ఇదే ఉండాల," అంది. గట్టిగా మాత్రం అనలేకపోయింది.

లోపల పెద్ద హాల్లో పూజ అయిపోయింది. సామాన్లెత్తే బండ్లకు, ప్యాకింగు మిషన్లకు దండలు వేసి, కుంకుమ బొట్లు పెట్టారు. ఆమె ఒక మిషను ముందు ఆగింది. టై కట్టుకున్న పిల్లాఫీసరు పక్కనే ఉన్నాడు.

"ఏమబ్బా, మిషనుకు బొట్టు పెట్టినారే. మనిషికి పెట్టకూడదా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి ఇంకో మిషను వైపు నడిచాడు. గుగ్గిళ్ల ప్రసాదం పంచుతూ నా దగ్గరికి వచ్చారు. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె ఓరకంట చూస్తోందని తెలుసు.

చూడ్డానికి వచ్చినవాళ్ల కోసం మా గదిలో ఒక లైను నడుపుతున్నారు. అద్దం ఇవతల నిలబడ్డాం. అవతల నీలం కోట్లు, టోపీలు, ముక్కూ నోరూ కప్పిన గుడ్డలు. కళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఎవరు ఎవరింటి పిల్లో, ఎవరు ఏ దేవుడికి మొక్కుతారో చెప్పలేం.

"ఇందరిలో మీవోళ్లు ఎంతమంది?" అని నన్నడిగింది.

"మామూలు రోజుల్లో నేను, ఇంకో పిల్ల."

"మిగిలినోళ్లంతా?"

"మీవోళ్లే పెద్దమ్మా. తురకోళ్లూ ఉండారు. ఈడ అందరూ భయపడేది దుమ్ముకే."

కోడలు మెల్లగా అద్దం మీద వేలు పెట్టింది. "అత్తా, అదో, ఆ ఖాళీ స్టూలు నాది. బల్ల మీద అంటించినారే, అది నా పేరు." అత్త ఆ స్టూలు వైపు చూసింది, కోడలి వైపు చూసింది.

బస్సు కోసం బయట కూర్చున్నప్పుడు నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు. ఒట్టు వద్దు, కాణిపాకమూ వద్దు. నా మొగం చూసి చెప్పు. నీ మనసులో ఏముండాది?"

ఏమీ లేదంటే పిల్ల పని నిలబడుతుంది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. కోడలు కూడా నన్నే చూస్తోంది, లేదని చెప్పు అన్నట్టు.

"ఉండాది పెద్దమ్మా. ఈ పిల్ల మా ప్రభువును తెలుసుకుంటే బాగుండునని నాకుండాది. పొద్దున ప్రార్థనలో రోజూ తలుచుకుంటాను. కానీ దీంతో ఒక్క మాట అనలే. గాజులు తీయమని నేననలే."

కోడలు తల దించుకుంది. అంతా అయిపోయిందనుకున్నాను. పెద్దమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకు తెలుసు," అంది. "లేదని అనింటే దీన్ని ఇంట్లోనే కట్టేసుకుందును. నీ మనసు నీ ఇల్లు, ఆడ ఏమన్నా పెట్టుకో. నీ నోరు మాత్రం నా ఇంటి దాకా రాకూడదు. ఇది పనికి పోనీ. బస్సులో మాత్రం నీ పక్కన కూసోకూడదు."

ఇప్పుడు ఆ పిల్ల డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటుంది, నేను చివర. లైనులో మాత్రం మా స్టూళ్లు పక్కపక్కనే. అక్కడ మాట్లాడుకోవడానికి వీల్లేదు కాబట్టి ఆ షరతు తప్పినట్టు కాదు. పూజ హాలుకు పోయానని సంఘంలో తెలిసింది. ప్రసాదం తినలేదని చెప్పాను, అయినా అప్పటి నుంచి ఆరాధనలో ఎప్పటిలా పాట మొదలుపెట్టమని నన్ను అడగడం లేదు.

సాయంత్రం బస్సు ఆగే చోట పెద్దమ్మ కుంకుమ భరిణె, గాజులు పట్టుకొని నిలబడి ఉంటుంది. కోడలు మెట్టు దిగగానే రోడ్డు దాటనీయకుండా ముందు బొట్టు పెట్టి, గాజులు తొడుగుతుంది. తొడుగుతూ కోడలి భుజం మీదుగా నన్ను చూస్తుంది. నేను తల దించుకొని ముందుకు పోతాను. పోతూ పోతూ లోలోపల ప్రార్థిస్తాను. అది ఆమెకు తెలుసు.

చదువుతున్న మీరు ఎవరైనా, ఏ దేవుడికి మొక్కేవారైనా, ఇక్కడ ఒక్క క్షణం నాతో ఆగండి. ఆ పిల్ల రేపు కూడా బస్సెక్కాలని, తన పేరున్న బల్ల ముందు కూర్చోవాలని, లారీ మీద ఉన్న ఆ కొడుకు క్షేమంగా ఇల్లు చేరాలని, రెండిళ్ల మధ్య గోడ మీదుగా మళ్లీ ఒక కూర గిన్నె రావాలని అడుగుదాం. తండ్రీ, మా మనసుల్లోని గదులన్నీ నీకు తెలుసు. తలుపు తీసే వేళ నీదే. మీరూ ఆమేన్ అనండి.