ఆసు వైపు తిరగని కెమెరా

నేను ఇన్నేళ్లు రాయలేకపోవడానికి కారణం నా కుడిచేయి. ఏడేళ్లప్పుడు దాన్ని ఆసుకు అప్పజెప్పారు. ఆసు అంటే అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చెక్క. అడ్డంగా నేసే పేకదారానికి అక్కడక్కడ బిగించి చిటికి కట్టి రంగులు అద్దే ముందు, దాన్ని నడిమి మేకు నుంచి అంచు మేకులకూ, అక్కడి నుంచి మళ్లీ నడిమికీ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి వేలసార్లు పైకీ కిందికీ ఆడాలి. అన్నలు బడికి పోయారు, నేను ఆసు ముందు కూర్చున్నాను. యాభై దాటాక భుజం పట్టేసింది. దవాఖానలో రెండు నెలలు ఆసు పట్టొద్దన్నారు. ఆ రెండు నెలలే నా బడి. పలక మీద రాయడానికి మణికట్టు కదిలితే చాలు. అంగన్‌వాడీ టీచరమ్మ మధ్యాహ్నాలు వచ్చి నాకు అక్షరాలు దిద్దించింది.

భుజం కాస్త నయం కాగానే మళ్లీ ఆసు. ఊర్లో కొందరిళ్లకు ఆసు మిషన్లు వచ్చాయి, మా ఇంటికి రాలేదు.

ఆ ఏడాదే నా బిడ్డ, నల్లగొండలో పాలిటెక్నిక్ చదువుతున్నది, ఒక చిన్న కంప్యూటరు తెచ్చింది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. తెర లేదు, మీటలు లేవు, ఉత్త పచ్చటి పలక. దానికి పట్టీలాంటి వైరు, వైరు చివర కందిగింజంత కెమెరా కన్ను. ఫోను ఛార్జరుతోనే నడుస్తుంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఐదు నిమిషాలకొక ఫొటో తనంతట తానే తీసి, తేదీ, టైము పేరుగా పెట్టి దాచుకుంటుంది. చివరకు అన్నీ కలిపి నడిపితే నెల రోజుల నేత రెండు నిమిషాల్లో కళ్ల ముందు జరిగిపోతుంది. చీర పుట్టుక తీస్తానని, బిడ్డ దాన్ని మగ్గానికి ఎదురుగా గోడకు బిగించింది.

దాని చాకిరీ నాకు పడింది. దారపు నూగు ఎగిరి కెమెరా కంటి మీద పడితే మెత్తని బట్టతో తుడిచేదాన్ని. కరెంటు పోయి వస్తే పచ్చ లైటు మినుకుతున్నదో లేదో చూసేదాన్ని. ఒకనాటి సాయంత్రం బిడ్డ ఫోన్లో ఫొటోల వరుస చూస్తుంటే, ఎండ వాకిట్లోకి వాలిన ఫొటో మీద పొద్దుటి పది గంటల టైము ఉన్నది. ఆ పలకకు సొంత గడియారం లేదట. బిడ్డ ఫోను కాలేజీకి పోతే దానికి టైము చెప్పే నెట్టు ఇంట్లో ఉండదు. కరెంటు పోయి వచ్చినప్పుడు అది ఆగిన టైము నుంచే మళ్లీ లెక్క పెట్టుకుంటున్నది. అక్షరాలూ అంకెలూ వచ్చిన దాన్ని కాబట్టి పట్టుకున్నాను. నువ్వు లేకుంటే ప్రాజెక్టంతా ఆగమయ్యేదని బిడ్డ నన్ను మెచ్చుకుంది. ఆ మాటకు మురిసిపోయాను కూడా.

చీర మగ్గం దిగింది. రామన్నపేటలో చేనేత సంఘం హాల్లో ఆ ఫొటోల సినిమా వేశారు. మా ఇంటాయన చేతులు తెర మీద మెరుపుల్లా ఆడాయి. పూలు ఒక్కొక్కటిగా పైకి పాకాయి. ఆయన పక్కన పేకదారం చుట్టిన కండెల బుట్ట దానంతటదే నిండుతున్నది, ఖాళీ అవుతున్నది, మళ్లీ నిండుతున్నది. ఆ కండెలు రాట్నం మీద చుట్టేది నేను. బుట్టలో పోసేది నేను. తెర మీద నేను ఎక్కడా లేను. మగ్గానికి బారెడు దూరంలో ఉన్న నా ఆసు కూడా లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనకు శాలువా కప్పారు. ఇంకో చీరకు కూడా తీయమని సంఘం పెద్ద బిడ్డకు చెప్పాడు.

ఇంటికి వచ్చి అన్నం పెడుతూ అడిగాను, నేను ఏమైనానని.

"నువ్వు అడ్డమొచ్చిన ఫొటోలు తీసేసిన అమ్మా. ఒక్కోదాంట్ల నీ వీపే నిండుగ ఉన్నది, మగ్గం కనబడుతలేదు."

"మరి ఆసు?"

"చీర మొదలైంది మగ్గమెక్కినంకనే గద. మనింట్ల అందరు గట్లనే అంటరు."

మా ఇంటాయన ముద్ద కలుపుతూ నవ్వాడు. "మిషన్‌కు గూడ తెలిసింది, నేసేటోడు ఎవడో."

నా ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తేలక ఇంకా మండింది. ఎందుకంటే బిడ్డ చెప్పింది అబద్ధం కాదు. పడుగు మగ్గానికి ఎక్కిన రోజునే మేము పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతాం. ఆసుకు ఎన్నడూ ఒక్క బొట్టు పెట్టలేదు. ఎవరైనా వచ్చి చీరకు ఎన్నాళ్లు పడుతుందంటే, మగ్గం మీది రోజులే చెప్పేదాన్ని నేను కూడా. ఆసు తిప్పిన రోజులు, చిటికి కట్టిన రోజులు, రంగులు ముంచి ఆరేసిన రోజులు నా నోటితోనే తీసేశాను. బిడ్డ ఆ లెక్కలే వింటూ పెరిగింది. ఆ కన్నును ఎటు తిప్పాలో బిడ్డకు నేర్పింది మేమే. అయినా వీపు కనబడితే చెరిపేయాలని ఎవరు నేర్పారు? ఆ వీపు వంగింది ఎవరి చీర కోసం?

రెండో చీర పడుగు అప్పటికే మగ్గానికి ఎక్కి ఉన్నది. కెమెరాను ఆసు వైపు తిప్పుతానని బిడ్డ పడుకునే ముందు మెల్లగా అన్నది. వద్దన్నాను. ఎక్కడ ఉన్నదో అక్కడే ఉండనీ, ఒక్క ఫొటో కూడా తీసేయనని మాటివ్వమన్నాను. ఎందుకో అర్థం కాకపోయినా ఇచ్చింది.

తెల్లారి బిడ్డ కాలేజీకి పోయింది. కెమెరా కన్ను తుడిచాను. పచ్చ లైటు చూశాను. బుట్టలో నాలుగు కండెలు మిగిలి ఉన్నాయి. అవి ఎంతసేపటికి అయిపోతాయో నాకు తెలుసు, ఆ తర్వాత దారం మోసే నాడె ఆగిపోతుందని, ఆగిన మగ్గాన్నీ ఖాళీ బుట్టనూ ఆ కన్ను తీస్తూనే ఉంటుందని కూడా తెలుసు. ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటూ, కండెలు ఏవని అడిగాడు. రాట్నం మీద గుడ్డ కప్పి, చెప్పులేసుకుని, కట్టంగూరులో ఉన్న మా చెల్లె ఇంటికి బస్సెక్కాను.